బైక్ వెనక ట్రైలర్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

బైక్‌కు ట్రైలర్ కట్టే విషయంలో పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఒకదానికొకటి దగ్గరగా ఉన్నవాటిని కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం. చాలా ప్రశ్నలు చివరికి ఒక్కచోటికే వచ్చి ఆగుతున్నాయి: హిచ్ మీద, అంటే బైక్‌కు ట్రైలర్ తగిలించే చోట, ఎంత బరువు పడుతోంది? అందుకే రెండో జవాబు కాస్త పొడుగైంది. మిగతావి వదిలేసినా దాన్ని మాత్రం పూర్తిగా చదవండి.

ప్రశ్న: నా బైక్ బరువు 190 కిలోలు. క్యాంపింగ్ సామాను కోసం రెండు చక్రాల చిన్న ట్రైలర్ చేయించుకోవాలనుకుంటున్నాను. ఎంత బరువు దాకా లాగొచ్చు?

జవాబు: ముందు బైక్‌తో వచ్చిన పుస్తకం తీయండి. ట్రైలర్ కట్టవద్దని స్పష్టంగా రాసే కంపెనీలు ఉన్నాయి. అలా రాసి ఉన్నా కడితే వారంటీ పోవచ్చు, ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర పేచీ రావచ్చు. మీరుండే చోట మోటార్‌సైకిల్ వెనక ట్రైలర్‌కు చట్టం ఒప్పుకుంటుందో లేదో కూడా చేయించకముందే అడిగి తెలుసుకోండి. ఈ నిబంధనలు దేశానికొక రకంగా ఉన్నాయి.

ఒక అంచనా కోసం బ్రిటన్ నిబంధన చూడండి. అక్కడ ఇంజిన్ 125 సీసీ దాటిన బైక్‌కే ట్రైలర్ కట్టాలి. సామానుతో సహా ట్రైలర్ బరువు 150 కిలోలు గానీ, బైక్ కెర్బ్ బరువులో (ఇంధనంతో సహా, మనిషి లేకుండా తూగే బరువు) మూడింట రెండు వంతులు గానీ, ఏది తక్కువైతే దాన్ని మించకూడదు. వెడల్పు 1 మీటరు దాటకూడదు. ఈ లెక్కన మీ బైక్‌కు 126 కిలోలు వస్తుంది. అది చట్టం గీసిన ఆఖరి గీత. మా సలహా అడిగితే బైక్ బరువులో సగం, అంటే 95 కిలోలు దాటొద్దు. మొదటిసారి లాగుతున్నవాళ్లు 60 కిలోల దగ్గరే ఆగి, చేయి తిరిగాక పెంచుకోవడం మంచిది.

ఇక్కడ చాలామంది మరిచిపోయేది ట్రైలర్ ఖాళీ బరువు. గట్టిగా ఉండాలని మందపాటి యాంగిల్, చెకర్ ప్లేట్ పెట్టి చేయిస్తే ఖాళీ ట్రైలరే 60 కిలోలు తూగుతుంది. ఇక సామానుకు మిగిలేదేముంది? పల్చటి చదరపు గొట్టంతో ఫ్రేమ్, ప్లైవుడ్ లేదా అల్యూమినియం రేకుతో పెట్టె చేయిస్తే 40 కిలోల లోపే అవుతుంది. తయారవగానే తూకం వేయించి, ఆ అంకె పెట్టె మీదే పెయింటుతో రాయించుకోండి.

ప్రశ్న: గంటకు 60 కి.మీ. దాకా బాగానే ఉంటుంది. 70 దాటగానే ట్రైలర్ అటూ ఇటూ ఊగుతూ బైక్ వెనక భాగాన్ని కూడా ఊపేస్తోంది. టైర్లు కొత్తవే. కారణం ఏమిటి?

జవాబు: నూటికి తొంభై పాళ్లు మీ ట్రైలర్ వెనక బరువుగా ఉంది. ఎద్దుబండికి బరువెత్తేటప్పుడు ముందు వైపు కొంచెం మొగ్గు ఉండేలా సర్దుతారు. వెనక బరువైతే కాడి పైకి లేస్తుంది కదా, ఇక్కడా సూత్రం అదే. ట్రైలర్ ముందు నొగ, అంటే డ్రాబార్, హిచ్ మీద వేసే బరువు మొత్తం ట్రైలర్ బరువులో సుమారు 10 శాతం ఉండాలి. దాన్నే నొగ బరువు అందాం. 90 కిలోల ట్రైలర్‌కు అది 9 కిలోలు.

కొలవడం సులువు. సామాను మొత్తం సర్దాక ట్రైలర్‌ను సమతలం మీద నిలిపి, నొగ కొసను బైక్‌కు తగిలించినప్పుడు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తుకు లేపి, కొక్కెం ఉన్న డిజిటల్ కాటాతో తూచండి. ఇంట్లో ఒంటి బరువు చూసుకునే మిషను అయితే తక్కువ బరువుల దగ్గర సరిగ్గా చూపదు. దాని మీద ముందే ఓ 20 కిలోల బరువు పెట్టి, దానిపైన దిమ్మ నిలబెట్టి, దిమ్మ మీద నొగ ఆనించండి. వచ్చిన అంకెలోంచి ఆ 20 కిలోలనూ దిమ్మ బరువునూ తీసేయండి. నొగను నేల మీద వదిలేసి తూస్తే తప్పు లెక్క వస్తుంది. ముందుకు వాలినప్పుడు సామాను బరువు కూడా ముందుకు జరుగుతుంది.

ఎంత చిన్న మార్పుకు ఎంత తేడా వస్తుందో చూడండి. ఇరుసు నుంచి హిచ్ బాల్ (నొగ కొస కూర్చునే ఇనుప గుండు) దాకా 150 సెం.మీ. ఉందనుకుందాం. 90 కిలోల ట్రైలర్‌కు బరువు కేంద్రం ఇరుసు కంటే 15 సెం.మీ. ముందుంటే నొగ బరువు సరిగ్గా 9 కిలోలు. ఇప్పుడు ఇరుసుకు 25 సెం.మీ. ముందున్న 12 కిలోల నీళ్ల క్యాన్‌ను తీసి, ఇరుసుకు 25 సెం.మీ. వెనక పెట్టారు. నొగ బరువులో 4 కిలోలు పోయి 5 మిగిలింది. ఒక్క క్యాన్ జరిపితే 10 శాతం కాస్తా ఐదున్నరకు పడిపోయింది. దారిలో టీ తాగడానికి ఆగి, సామాను దించి మళ్లీ ఎక్కించినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే.

అలాగని ముందంతా బరువు పోయకండి. బైక్ రెండు చక్రాల మధ్య దూరం 140 సెం.మీ., వెనక ఇరుసు నుంచి బాల్ దాకా 70 సెం.మీ. ఉంటే, 10 కిలోల నొగ బరువు ముందు చక్రం నుంచి 5 కిలోలు ఎత్తేస్తుంది, వెనక చక్రం మీద 15 కిలోలు వేస్తుంది. 30 కిలోల నొగ బరువైతే ముందు నుంచి 15 పోయి వెనక 45 పడుతుంది. హ్యాండిల్ తేలికగా, పట్టు లేనట్టు అనిపిస్తుంది, చిన్న గతుకుకే వణుకుతుంది, ముందు బ్రేకు వేస్తే టైరు జారే ప్రమాదం పెరుగుతుంది. రాత్రిపూట హెడ్‌లైటు చెట్ల కొమ్మల్లోకి కొడుతోందంటే వెనక కుంగిపోయిందన్నమాట. వెనక షాక్ అబ్జార్బర్ ప్రీలోడ్, అంటే స్ప్రింగు బిగింపు, పెంచడం అవసరమే గానీ, నొగ బరువు తప్పుగా ఉంటే అది మందు కాదు.

నొగ బరువు సరిగ్గా ఉన్నా ఊగితే మరో రెండు చూడండి. బాల్ మధ్య నుంచి ఇరుసు ఎడమ కొసకు, కుడి కొసకు టేపుతో కొలవండి. తేడా 3 మి.మీ. మించితే ఇరుసు వంకరగా అతికారు, ట్రైలర్ ఎప్పుడూ ఓ పక్కకు లాగుతూనే ఉంటుంది. రెండోది ట్రైలర్ టైర్లలో గాలి. రెండు వైపులా సమానంగా, టైరు పక్కన రాసిన గరిష్ఠ ఒత్తిడి దాటకుండా ఉండాలి.

ఊగడం మొదలైతే ఏం చేయాలి? ప్రతి ట్రైలర్‌కూ ఒక వేగం ఉంటుంది. అంతకు తక్కువలో ఊపు దానంతటదే చచ్చిపోతుంది, అంతకు పైన ఊపు ఊపుకీ పెరుగుతుంది. కాబట్టి థ్రాటిల్ మెల్లగా మూసుకుంటూ ఆ వేగం కిందికి దిగడమే మార్గం. క్లచ్ పట్టకండి, ముందు బ్రేకు గట్టిగా నొక్కకండి. ఊపుకు ఎదురుగా హ్యాండిల్ తిప్పబోతే మీ చేయి ఎప్పుడూ అర క్షణం ఆలస్యమై ఊపుకే బలం చేకూరుస్తుంది. చేతులు బిగపట్టకుండా, బైక్‌ను నిటారుగా ఉంచండి. వేగం పెంచితే సర్దుకుంటుందని కొందరు చెప్పే మాట ప్రాణాంతకం. తగ్గాక పక్కకు ఆపి, సామాను మార్చి సర్దుకుని, మళ్లీ తూచాకే కదలండి.

ప్రశ్న: కారు ట్రైలర్‌కు వాడే బాల్ హిచ్, కప్లర్ నా దగ్గర ఉన్నాయి. బైక్‌కు అవే సరిపోతాయా?

జవాబు: బాల్ సరిపోవచ్చు. బాల్ మీద కూర్చుని దాన్ని పట్టుకునే కప్లర్ మాత్రం ఒక్కటే సరిపోదు. కారు పక్కకు ఒరగదు, బైక్ ఒరుగుతుంది. మామూలు కప్లర్ బాల్ మీద పక్కకు దాదాపు 20, 25 డిగ్రీల దాకా తిరిగి, ఆపైన బాల్ మెడకు తగిలి ఆగిపోతుంది. మలుపులో బైక్ అంతకంటే ఎక్కువ ఒరిగితే రెండే జరుగుతాయి: ట్రైలర్ ఒక చక్రం గాల్లోకి లేస్తుంది, లేదా బైక్‌ను ఒరగనివ్వకుండా మలుపు బయటికి నెడుతుంది.

అందుకే కప్లర్‌కూ నొగకూ మధ్య స్వివెల్ ఉండాలి, అంటే నొగ పొడవునా ఉన్న గుండ్రటి కడ్డీ బుష్‌లో పూర్తిగా చుట్టూ తిరగాలి. దీనివల్ల ఇంకో పెద్ద లాభం ఉంది. బైక్ పడినా ట్రైలర్ నిలబడే ఉంటుంది, ట్రైలర్ తిరగబడినా బైక్‌ను పడేయదు. స్వివెల్‌కు గ్రీజు నిపుల్ పెట్టించుకోండి. ముందుకూ వెనక్కూ లాగితే టక్కుటక్కుమని చప్పుడు వస్తే బుష్ అరిగినట్టు. వదులు ఉన్న స్వివెల్ ప్రతి బ్రేకుకూ బైక్‌ను సుత్తితో కొట్టినట్టు కొడుతుంది.

కప్లర్ లోపల రాసిన సైజు, బాల్ సైజు ఒకటే ఉండాలి. 50 మి.మీ. బాల్, దాదాపు 48 మి.మీ. ఉండే 1-7/8 అంగుళాల బాల్, రెండూ చూపుకు ఒకేలా కనిపిస్తాయి. చిన్న బాల్ మీద పెద్ద కప్లర్ కూడా చక్కగా బిగిసినట్టే ఉండి గతుకులో ఊడిపోతుంది.

తగిలించాక లాచ్ పడిందో లేదో కంటితో చూసి నమ్మకండి. నొగను పట్టుకుని పైకి ఎత్తండి. బైక్ వెనక భాగం కూడా దాంతోపాటు లేస్తే సరిగ్గా పట్టినట్టు. కప్లర్ ఒక్కటే లేచి వచ్చిందంటే అది బాల్ పైన ఊరికే కూర్చుని ఉందన్నమాట. లాచ్‌కు పిన్ను వేశాకే సేఫ్టీ గొలుసులు తగిలించండి. రెండు గొలుసులూ నొగ కింద అడ్డంగా దాటి ఎదురు వైపు కొక్కేలకు పోవాలి. కప్లర్ ఊడినా నొగ నేలకు గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఊయలలో పడుతుంది. గొలుసు కొస హిచ్ ఫ్రేమ్‌కు పట్టాలి, బాల్‌కు కాదు. బైక్ పూర్తిగా మలిపినా, ఒరిగినా బిగుసుకోనంత పొడవు ఉండాలి, రోడ్డుకు రాసుకోకూడదు.

ప్రశ్న: వెనక లగేజీ క్యారియర్‌కు బాల్ బిగిస్తే చాలదా?

జవాబు: చాలదు, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. క్యారియర్‌ను పైనుంచి కిందికి పడే కొద్దిపాటి బరువు కోసం చేస్తారు. ట్రైలర్ ముందుకూ వెనక్కూ, పక్కలకూ లాగుతుంది. హిచ్ బైక్ ఛాసిస్‌కు కనీసం నాలుగు చోట్ల, పైన రెండు, కింద రెండు బోల్టులతో పట్టాలి. ఫ్రేమ్‌ను డ్రిల్ చేయకుండా, వెల్డ్ చేయకుండా, ఉన్న బోల్టు రంధ్రాలకే క్లాంప్ పట్టీలు చేయించండి. వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల ఇనుము గుణం మారి, కొన్నాళ్లకు అతుకు పక్కనే సన్నటి పగులు వస్తుంది. బోల్టులు 8.8 గ్రేడు, నట్లు నైలాక్‌వి (వదులు కాకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి). బిగించాక నట్టు మీదుగా బోల్టు మీదికి పెయింటుతో ఒక గీత గీయండి. మొదటి 50 కి.మీ. తర్వాత ఆ గీత విడిపోయి కనిపిస్తే నట్టు కదిలినట్టే.

ప్రశ్న: ఒంటి చక్రం ట్రైలర్ మంచిదా, రెండు చక్రాలదా?

జవాబు: సామాను 30, 40 కిలోల లోపయితే ఒంటి చక్రం. అది బైక్‌తో పాటే ఒరుగుతుంది, బైక్ వెళ్లిన గీతలోనే వస్తుంది, గుంత తప్పిస్తే అది కూడా తప్పిస్తుంది. కానీ దాని జాయింటు మీద భారం ఎక్కువ. పైకీ కిందికీ, పక్కలకూ తిరగాలి, మెలి మాత్రం తిరగకూడదు. అందులో వదులు వస్తే వెనక నుంచి ఎవరో తోస్తున్నట్టు బైక్ తూలుతుంది. సామాను ఒక పక్కకు బరువైనా అంతే.

రెండు చక్రాల ట్రైలర్ ఎక్కువ మోస్తుంది, విప్పినా నిలబడుతుంది. మీరు తప్పించిన గుంతలో దాని ఒక చక్రం పడే తీరుతుంది. మలుపులో మీ గీత కంటే లోపలికి కోసుకుని వస్తుంది కాబట్టి మలుపును కాస్త వెడల్పుగా తీసుకోవాలి. ఇక ఎత్తు. చక్రాల మధ్య 100 సెం.మీ. ఉన్న ట్రైలర్‌లో బరువు కేంద్రం నేల నుంచి 50 సెం.మీ. ఎత్తులో ఉంటే సులువుగా తిరగబడదు. పైపైకి పేర్చి దాన్ని 80 సెం.మీ.కి తెస్తే, తిరగబడడానికి కావలసిన పక్క తోపు మూడింట రెండు వంతుల కన్నా తక్కువకు పడిపోతుంది. బరువైనవి అడుగున, ఇరుసుకు కాస్త ముందు పెట్టండి. పైన తేలికవి పెట్టి, రాచెట్ బెల్టుతో బిగించండి.

ప్రశ్న: బ్రేకులు సరిపోతాయా? ట్రైలర్‌కు విడిగా బ్రేకు లేదు.

జవాబు: బ్రేకులకు శక్తి లేక కాదు, టైర్లకు పట్టు చాలక ఇబ్బంది. బైక్, మనిషి కలిపి 275 కిలోలు, ట్రైలర్ 90 కిలోలు అనుకోండి. ఆపాల్సింది 365 కిలోలు. కానీ ఆపే రెండు టైర్ల మీద ఉన్నది నొగ బరువుతో కలిపి 284 కిలోలే. ఎండిన తారు రోడ్డు మీద, మంచి టైర్లతో, గంటకు 80 కి.మీ. వేగంలో ఒంటరి బైక్ బ్రేకు పడ్డాక సుమారు 31 మీటర్లలో ఆగితే, ట్రైలర్‌తో 40 మీటర్లు కావాలి. బ్రేకు వేయాలని తోచేలోపు పోయే 22 మీటర్లు దీనికి అదనం. వాన పడితే ఇంకా సాగుతుంది. కాబట్టి ముందు బండికి కనీసం 4 సెకన్ల దూరం, తడి రోడ్డు మీద 6 సెకన్లు వదలండి.

అసలు గండం మలుపు మధ్యలో బ్రేకు. బైక్ ఒరిగి ఉన్నప్పుడు ట్రైలర్ వెనక నుంచి నెట్టే తోపు బైక్ గీతలో ఉండదు, పక్కకు పడుతుంది. వెనక చక్రం బయటికి జారి, బైక్, ట్రైలర్ చాకులా మడతపడతాయి. ఏబీఎస్ చక్రం బిగుసుకోకుండా చూస్తుంది గానీ ఈ మడతను ఆపలేదు. వేగమంతా మలుపుకు ముందే, నిటారుగా ఉన్నప్పుడే తగ్గించండి. దిగుడు దారిలో గేరు ముందే తగ్గించి ఇంజిన్‌తో నిలవరించండి. కొత్తగా కట్టినప్పుడు ఖాళీ మైదానంలో, సామానుతోనే, గంటకు 30 కి.మీ. దగ్గర మొదలుపెట్టి బ్రేకు వేసి చూడండి. ఖాళీ ట్రైలర్‌తో చేసిన సాధన అక్కరకు రాదు, అది గెంతే తీరు వేరు.

ప్రశ్న: ఇండికేటర్ వేస్తే ట్రైలర్ టెయిల్ లైట్లు కూడా మసకగా వెలిగి ఆరుతున్నాయి. అప్పుడప్పుడు బైక్ ఫ్యూజు కూడా పోతోంది.

జవాబు: మొదటిది ఎర్త్ లోపం. ట్రైలర్‌కు విడిగా ఎర్త్ వైరు లేకపోతే కరెంటు కప్లర్, బాల్ మీదుగా తిరిగి రావాలి. ఆ మధ్యలో గ్రీజు ఉంది, తుప్పు ఉంది. దారి దొరకని ఇండికేటర్ కరెంటు టెయిల్ బల్బుల్లోంచి దూరి వస్తోంది. ప్లగ్గులోంచి బైక్ బ్యాటరీ నెగటివ్ దాకా విడిగా ఎర్త్ వైరు వేస్తే పోతుంది.

ఫ్యూజు సంగతి వేరు. 21 వాట్ల బ్రేకు బల్బులు రెండు కలిపితే 12 వోల్టుల దగ్గర మూడున్నర ఆంపియర్లు అదనంగా లాగుతాయి. బైక్ బ్రేకు స్విచ్చి కాంటాక్టులు దానికోసం చేసినవి కావు. బైక్ వైర్లను గిల్లి అతికే బదులు, ఫ్యూజుతో నేరుగా బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుని, బైక్ వైర్ల నుంచి సిగ్నల్ మాత్రమే అందుకునే రిలే మాడ్యూల్ పెట్టించండి. క్యాన్ బస్ వైరింగ్ (లైట్లు, స్విచ్చిలు కంప్యూటర్ సిగ్నళ్లతో నడిచే ఏర్పాటు) ఉన్న బైక్‌కు ఇది తప్పనిసరి. ట్రైలర్‌కు ఎల్‌ఈడీ లైట్లు వేస్తే భారం చాలా తగ్గుతుంది.

ప్రశ్న: దూరం వెళ్లాక ట్రైలర్ ఒక చక్రం హబ్ చేయి పెట్టలేనంత వేడెక్కుతోంది.

జవాబు: వెంటనే ఆపి చూడాల్సిన లక్షణం ఇది. ట్రైలర్ చిన్న చక్రం ఎంత తిరుగుతుందో ఊహించండి. బయటి కొలత 40 సెం.మీ. ఉన్న చక్రం గంటకు 80 కి.మీ. దగ్గర నిమిషానికి దాదాపు 1060 చుట్లు తిరుగుతుంది. బైక్ చక్రం అదే వేగంలో 660 చుట్లే. రెండో హబ్ మామూలుగా ఉందంటే వేడెక్కిన వైపు బేరింగ్ మరీ బిగించి ఉంది, లేదా గ్రీజు ఎండిపోయింది, లేదా సీల్ పోయి నీళ్లు దిగాయి.

టేపర్ రోలర్ బేరింగ్ అయితే చక్రాన్ని చేత్తో తిప్పుతూ నట్టు బిగించండి, రోలర్లు కుదురుకుంటాయి. తర్వాత నట్టు పూర్తిగా వదులు చేసి, ఈసారి పానా లేకుండా వేళ్లతో మాత్రమే బిగించి, రంధ్రం కలిసేంత వెనక్కి తిప్పి కొత్త స్ప్లిట్ పిన్ వేయండి. పాత పిన్ను వంచి మళ్లీ వాడొద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే ఉండీ లేనట్టు కదలాలి. స్వేచ్ఛగా తిరగాలి, గరగర వినిపించకూడదు. ప్రయాణంలో మొదటి 20 కి.మీ. దగ్గర ఆగి రెండు హబ్‌లూ తాకి చూసే అలవాటు చేసుకోండి.

ప్రశ్న: ట్రైలర్‌తో పాటు వెనక ఇంకొకరిని కూర్చోబెట్టుకోవచ్చా? స్కూటర్‌కు కట్టొచ్చా?

జవాబు: బైక్ మోయగల గరిష్ఠ బరువులో ఇద్దరి బరువు, పక్క సంచులు, నొగ బరువు అన్నీ కలిసి ఇమిడితేనే. వెనక మనిషి, నొగ బరువు రెండూ కలిసి ముందు చక్రాన్ని మరీ తేలిక చేస్తాయి, కాబట్టి మేమైతే వద్దనే చెబుతాం. గేర్లు లేని స్కూటర్‌కు కట్టొద్దు. ఎత్తుల మీద బెల్టు వేడెక్కి అరిగిపోతుంది, హిచ్ పట్టడానికి గట్టి ఫ్రేమ్ కూడా వెనక్కి ఉండదు. చైన్ బైక్‌లకు ఇంకో మాట. సామాను తగిలించి, మీరు కూర్చున్నప్పుడు వెనక కుంగి చైన్ బిగుసుకుంటుంది. వదులు ఆ స్థితిలో ఎంత ఉందో చూసి సరిచేయండి.

ప్రశ్న: ఏటవాలు చోట ఆపి ట్రైలర్ విప్పేటప్పుడు బైక్ స్టాండు మీద నుంచి కదిలిపోయింది. ఎలా ఆపాలి?

జవాబు: బైక్ ముఖం ఎత్తు వైపు ఉండేలా ఆపండి. దిగుడు వైపు ఉంటే ట్రైలర్ వెనక నుంచి నెట్టి సైడ్ స్టాండును వెనక్కి మడిచేస్తుంది. ఇంజిన్ ఆపి మొదటి గేరులో ఉంచండి. ట్రైలర్ రెండు చక్రాలకూ ముందూ వెనకా దిమ్మలు పెట్టాక ముందు లైట్ల ప్లగ్గు, తర్వాత లాచ్, గొలుసులు అన్నిటికంటే ఆఖర్న విప్పండి. నొగను చేత్తో పట్టుకుని ఎత్తేటప్పుడు మీ కాలు దాని కింద ఉండకూడదు. వెనక్కి తోయాల్సి వస్తే బైక్‌తో కాకుండా ట్రైలర్ విప్పి చేత్తోనే తోయండి. నొగ పొట్టిగా ఉన్న ట్రైలర్ రివర్సులో రెండడుగులు పోయేలోపే అడ్డం తిరుగుతుంది.